దిల్దారు గోవిందప్ప

ధర్మవరంలో మగ్గం నేసే గోవిందప్పను అందరూ పిసినారి అనేవారు. అతను హోటల్లో ఎవరికీ ఒక్క టీ కూడా ఇప్పించి ఎరగడు.

ఈరోజు భార్య భద్రమ్మ పాడె ముందు నడుస్తూ, బొరుగుల్లో దుడ్లు కలిపి పిడికిళ్ల కొద్దీ చల్లుతున్నాడు. అయిదు పైసలూ పది పైసలూ కాదు, అన్నీ రూపాయి బిళ్లలే. పాడె వెంట వచ్చిన పెద్దవాళ్లు కూడా సిగ్గు మరిచి వంగి ఏరుకుంటున్నారు.

తానూ ఒకటి ఏరుకున్న హోటలాయన ఉండబట్టలేక అన్నాడు.

"ఏమప్పా, ఇంత దిల్దారువని ఎవురికీ తెలీకపాయనే! రోంత దాపెట్టుకోరాదా?"

గోవిందప్ప సంచీ బోర్లించి దులిపాడు.

"ఇంగెవురికి దాపెట్టల్లన్నా? ఈమె ఆపరేషనుకే కదా ఇన్నాళ్లూ దాపెట్టింది. మగ్గం మీదుండే చీర దిగింటే సరిపోతాండె."