దుర్గమ్మ ఇంటి ప్లాను

"మంచం పొడుగెంతమ్మా?" అని అడిగింది కావ్య.

దుర్గమ్మకు నవ్వొచ్చింది. ఇంటి కొలతలు తీసేవాళ్ళు మంచం పొడుగు అడగడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆరడుగులుంటది బిడ్డా. ఎందుకు?"

"తాతను మంచంతో సహా బయటికి తేవాలంటే తలుపు ఎంత వెడల్పుండాలో చూడాలి."

మంచంలో ఉన్న దుర్గమ్మ మొగుడు గాలయ్య తల తిప్పి ఆ పిల్లను చూశాడు. రెండేళ్ళ కింద బియ్యం బస్తాలు దించుతూ లారీ మీంచి పడ్డప్పటి నుంచి ఆయనకు నడుం కింద స్పర్శ లేదు.

అది 2011 సెప్టెంబరు. పర్యావరణానికి హాని చేయని ఇళ్ళ మీద మూడు రోజుల శిక్షణకని హైదరాబాదు నుంచి ముప్పై మంది ఆర్కిటెక్టులు మెదక్ వచ్చారు. అందరూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే. శిక్షణ నడిపే మదన్ మోహన్ ఊరంతా తిరిగి దుర్గమ్మ ఇంటిని ఎంచుకున్నాడు. గూనపెంకుల కప్పు, మట్టి గోడలు. వెనక గోడ వానలకు నాని బయటికి ఒరిగింది.

"మా వాళ్ళు మీ ఇంటికి కొత్త ప్లాన్లు గీస్తారమ్మా. అన్నిటికంటే మంచిదానికి మొదటి బహుమతి. వాళ్ళు అడిగినవి చెప్పండి, చాలు" అన్నాడాయన.

దుర్గమ్మ అన్నీ చెప్పింది. పొద్దున ఎండ ఎక్కడ పడుతుందో, వాన జల్లు ఎటునుంచి కొడుతుందో, వంట పొగ ఎటు పోతుందో. మిగతావాళ్ళు గంటా రెండు గంటలు ఉండి వెళ్ళిపోయారు. కావ్య మాత్రం సాయంత్రం దాకా కూచుంది. దుర్గమ్మ పెట్టిన జొన్నరొట్టె తింది. గాలయ్య మంచం పక్కనే నేల మీద పడుకుని, ఆయన కళ్ళకు కప్పు ఎట్లా కనిపిస్తుందో కూడా చూసింది.

"పని ఎప్పుడు మొదలువెడ్తరు బిడ్డా?"

"ముందు ప్లాన్ సరిగ్గా కుదరాలి కదమ్మా."

గదీ నిజమే అనుకుంది దుర్గమ్మ.

రెండో రోజు మధ్యాహ్నం మున్సిపాలిటీ గుమాస్తా స్వామి చేతిలో కాగితంతో వచ్చాడు.

"దుర్గమ్మత్తా, నీకు సర్కారు ఇల్లు మంజూరైంది. గిక్కడ వేలిముద్ర వెయ్యి. ఎల్లుండి సంది మేమంతా సమ్మెల ఉంటం. తెలంగాణ తేలేదాకా ఆఫీసు తెరిచేది లేదు. ఇయ్యాల దాటితే నీ పేరు తీసి ఎనకున్నోళ్ళకిస్తరు."

"ఎయ్యవే, జల్ది ఎయ్యి" అన్నాడు గాలయ్య మంచంలోంచి.

దుర్గమ్మ కావ్య వైపు చూసింది. ఆ పిల్ల ఇంట్లో వేడి కొలవడానికి దూలానికి థర్మామీటర్ కడుతోంది.

"నువ్వు చెప్పు బిడ్డా. ఎయ్యాల్నా?"

కావ్య చేతులు ఒక్క క్షణం ఆగాయి. మదన్ మోహన్ గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"ఆ ఇళ్ళకు పలుచటి కప్పేస్తారమ్మా. ఎండాకాలం లోపల కుంపటిలా ఉంటుంది" అంది మెల్లగా. "తాత పొద్దస్తమానం అందులోనే పడుకోవాలి కదా."

దుర్గమ్మ కాగితం వెనక్కి తోసింది.

"వేరేటోళ్ళకు ఇయ్యి స్వామీ. మా ఇల్లు గీ పిల్ల చూసుకుంటది."

"జర సోచాయించు అత్తా."

"సోచాయించిన. నువ్వు పో."

గాలయ్య గోడ వైపు తల తిప్పుకున్నాడు.

మూడో రోజు ఫంక్షన్ హాల్లో పోటీ. దుర్గమ్మను ముందు వరుసలో కూచోబెట్టారు. కావ్య అట్టముక్కలతో చేసిన చిన్న ఇంటిని బల్ల మీద పెట్టి మాట్లాడింది. మట్టి ఇటుకల గోడలు. గాలి ఆడే చిల్లుల గోడ. మంచం పట్టేంత తలుపు. తూర్పు కిటికీ పక్కన అగ్గిపుల్లలతో చేసిన బుల్లి మంచం.

"ఇది గాలయ్య తాత మంచం. పొద్దున లేవగానే ఆయనకు ఎండ కనిపించాలి."

హాలంతా చప్పట్లు. దుర్గమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మొదటి బహుమతి కావ్యకే వచ్చింది. ఇల్లు లేవగానే ఏడుపాయల గుడిలో తల్లికి బోనం తీస్తానని దుర్గమ్మ అక్కడే మొక్కుకుంది.

"ఆ బొమ్మ ఇల్లు జర ఇస్తవా బిడ్డా? ముసలాయనకు చూపెడ్త."

"లేదమ్మా, హైదరాబాదులో మా ఆఫీసులో చూపించాలి."

"అట్లయితే చూపెట్టు. జల్ది రాండ్రి మల్ల."

కావ్య వంగి ఆమె కాళ్ళకు మొక్కి బస్సెక్కింది.

మర్నాడు సమ్మె మొదలైంది. ఆ వారంలోనే బస్సులూ ఆగాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. సమ్మె అయిపోగానే పిల్ల వస్తుందని దుర్గమ్మ నమ్మకం. వచ్చాక ఒక్క పూట కూడా వృథా కావద్దనుకుంది. పని దొరకక కూచున్న ఇద్దరు కూలీలను పిలిచి, ఒరిగిన వెనక గోడను కూలగొట్టించింది. గాలయ్య మంచాన్ని ముందు జాగాలోకి తెచ్చి, పైన ప్లాస్టిక్ పట్టా కట్టించింది.

"ఎవల్నన్న అడిగినవానే?" అన్నాడు గాలయ్య.

"ఎవల్నడగాలె? గీసిన పిల్లకు తెల్వదా?"

గోడ కూలగొట్టిన నాలుగో రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. ఆనిక లేని కప్పు మధ్యాహ్నానికి సగం కుంగి, పెంకులు జారి పగిలాయి. నీళ్ళు నిండిన పట్టా గాలయ్య ఛాతీ మీదికి దిగింది. దుర్గమ్మ రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడింది.

"జర ఓర్సుకో. పిల్ల వస్తది" అంటూనే ఉంది సాయంత్రం దాకా.

శిక్షణ మొదలైన పొద్దున, ఇంకా దుర్గమ్మ గడప తొక్కకముందే, ముప్పై మందీ సంతకాలు చేసిన కాగితంలో మొదటి షరతు "ఇది అభ్యాసం మాత్రమే, ఇల్లు కట్టేది లేదు, ఆ సంగతి ఇంటివాళ్ళకు చెప్పకూడదు, చెబితే జవాబులు సహజంగా రావు" అని ఉంది, దాని కింద మొట్టమొదటి సంతకం కావ్యది.