పాలీహౌస్‌లో పొట్టి ప్రార్థన

“తలుపు ముయ్యుండ్రి అయ్యగారూ, దిష్టి జొరబడతది,” అన్నాడు అహరోను.

ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌లో కీరదోస పూత కాయ కట్టకుండానే రాలిపోతోంది. ఈ పూత కూడా పోతే పంట పోయినట్టే. అందుకే చొప్పదండి నుంచి పాస్టరు ఫిలిప్‌ను ప్రార్థనకు పిలుచుకొచ్చాడు.

“దిష్టి కాదు, ఉడుకు. పక్క పరదాలు లేపుమని మొత్తుకుంటున్న,” అంది భార్య క్యాథరిన్.

“లేపితే ఊరంత చూస్తది. నువ్వు జర ఊకో.”

ఫిలిప్ ప్రార్థన మొదలుపెడితే పెళ్లి భోజనాలు చల్లారాల్సిందే. అహరోను మోకాళ్ల మీద కుదురుకుని కళ్లు మూసుకున్నాడు.

“ప్రభువా, ఈ తోటను దీవించు. ఆమెన్.”

కళ్లు తెరిచేసరికి పాస్టరు బయట నిలబడి, తడిసిన అంగీ గుండీలు విప్పుకుంటున్నాడు.

“గంతేనా అయ్యగారూ?”

“ఇంకో మాటంటే నేనే ప్రభువు దగ్గరికి పోతుంటి. గా మొక్కలు పొద్దంత ఎట్లుంటున్నయి బిడ్డా?”

అహరోను రాలిన పూత వంక చూశాడు. లేచి వెళ్లి, పరదాను పైకి చుట్టే పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

“మరి దిష్టి?” అంది క్యాథరిన్.

“దాని సంగతి అయ్యగారు బయట నిలబడి చూసుకుంటడు. అక్కడైతే ఎంతసేపైనా ప్రార్థన చేస్తడు. నువ్వా పక్క పరదా లేపు.”