రాజకీయం చెప్పేవాడు

"మామా, వాడు ముందు వరసలోనే కూచున్నాడు," అన్నాడు యూనుస్, తెర సందులోంచి చూస్తూ.

షరీఫ్ లేచి చూశాడు. పులివెందుల గ్రంథాలయం ముందు పరిచిన జంపఖానాల మీద జనం అప్పటికే నిండిపోయారు. పెట్రోమాక్సు దీపం కింద, వేదికకు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఒకడు కూర్చున్నాడు. పెద్ద ఒళ్లు. తల మీదుగా కప్పుకున్న గొంగడి. ఒళ్లో దుడ్డుకర్ర. పక్కవాళ్లు వాడికి ఎడంగా జరిగి కూర్చున్నారు.

"ఎవురంట?"

"తెలీదు. మద్యాన్నమే వచ్చి లైబ్రరీ సారును అడిగినాడంట, ఓబులేసు సంగతి చెప్పేది యా మనిషని. సారు నీ పేరు చెప్పినాడంట. 'వాని మొగం చూడాల' అన్నాడంట."

గ్రంథపాలకుడు కోదండపాణి తెర వెనక్కి వచ్చాడు. షరీఫ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ నుంచి వచ్చినాడు సార్ ఆ మనిషి?"

"ఓబులేసు వాళ్ల పల్లె నుంచేనంటప్పా."

ఆ పల్లెలో పెద్దాయన మాట లేకుండా కుక్క కూడా పొలిమేర దాటదు. తొండూరు దారిలోని ఆ పల్లెలో, ఎండాకాలం ఊరి బావి చుట్టూ కంచె వేయించాడు పెద్దాయన. "బాయి ఊరిది" అన్నాడు ఓబులేసు. ఆ వారంలోనే అదే బావిలో శవమై తేలాడు. చంపిందెవరో ఊరందరికీ తెలుసు. కేసు లేదు. పేపర్లో ముక్క రాలేదు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పింది షరీఫ్ ఒక్కడే. ప్రొద్దుటూరులో జట్కా గుర్రాలకు లాడాలు కొట్టుకునే మనిషి. బుర్రకథ వేదిక మీద నుంచి ప్రొద్దుటూరులో చెప్పాడు. జమ్మలమడుగులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అక్కడ ధైర్యం చవక. పల్లె దూరం.

"వాణ్ని లేపి పంపీలేరా సార్?"

"ఎట్ల పంపేదప్పా? అందరికీ ఉచితం, ఎవురైనా రావచ్చునని బోర్డు రాసింది నేనే గదా. టిక్కెట్టన్నా పెట్టింటే, టిక్కెట్టు లేదని పంపిందును."

షరీఫ్ కథకుడు మక్బూల్ వైపు తిరిగాడు. "అన్నా, ఈ పొద్దు రాజకీయం వద్దు. పాత కత మట్టుకు చెప్పి దిగుదాం."

మక్బూల్ తంబురా సవరిస్తూనే అన్నాడు. "బుర్రకతలో నాకు అటొగడు ఇటొగడు దేనికిరా? ఒగడు నవ్వియ్యాల. ఒగడు కతను నిలిపి ఇప్పటి నిజం చెప్పాల. నిజం చెప్పేది నీ వంతు. నువ్వు నోరు మూసుకుంటే నాకు ఇద్దరు యూనుసులైతారు."

"ఒగణ్నే తట్టుకోలేకుండాడు," అన్నాడు యూనుస్. ఎవరూ నవ్వలేదు.

కథ మొదలైంది. వానల్లేని రాజ్యం. బావికి కాపలా పెట్టిన రాజు. మక్బూల్ గొంతు గ్రంథాలయం దాటి బజారు దాకా పోతోంది. షరీఫ్ పక్కన డక్కీ వాయిస్తున్నాడు. ముందు వరసలోని మనిషి మక్బూల్‌ను చూడటం లేదు. షరీఫ్‌నే చూస్తున్నాడు. యూనుస్ హాస్యానికి జనం విరగబడి నవ్వారు. వాడు నవ్వలేదు. ఒకసారి చెయ్యి గొంగడి లోపలికి పోయింది. షరీఫ్‌కు తాళం తప్పింది. వాడు గొంగడి అంచుతో మొహం తుడుచుకున్నాడు, అంతే.

"తాళం చూసుకో మామా," అన్నాడు యూనుస్ పెదవులు కదపకుండా.

"నన్నే చూస్తాండాడురా."

మక్బూల్ తంబురా ఆపాడు. "రాజుల కాలం సంగతి చెప్తిని. మన కాలంలోనూ బాయి ఊరిదన్నోడు ఒగడుండె. వాడేమాయె తమ్ముడూ?"

జనానికి తెలుసు. తెలిసిందే ఒకడి నోట వినాలని వచ్చారు.

"ఓబులేసు..." అన్నాడు షరీఫ్.

పేరు వినగానే ఆ మనిషి కర్ర ఊతంగా మోకాళ్ల మీదికి లేచాడు. షరీఫ్‌కు ఇంటి దగ్గరున్న భార్య దిల్షాద్‌బీ కళ్ల ముందు కనిపించింది. గోనెపట్టలో చుట్టి వాకిట్లో దించిన తన శవం కనిపించింది. నాలుక దానంతటదే వంకర తిరిగింది.

"ఓబులేసు తాగినాడంట," అన్నాడు. "ఒళ్లు తెలీకుండా తాగి, బాయి గట్టున తైతక్కలాడి, కాలు జారి పడినాడంట. పానం పోయింది నీళ్ల కోసం గాదప్పా, కల్లు కోసం."

మక్బూల్ తల వంచుకున్నాడు. షరీఫ్ భయం యూనుస్‌కు అర్థమైంది. మామను కాపాడాలనుకున్నాడో ఏమో, వేదిక మీద తాగినవాడిలా తూలుతూ నడిచి దబ్బున పడ్డాడు. జనంలో ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ముందు వరసలోని మనిషి మెల్లగా కూర్చున్నాడు. కర్ర మళ్లీ ఒళ్లోకి పోయింది. బతికిపోయాననుకున్నాడు షరీఫ్.

కథ ముగిసింది. కోదండపాణి వందన సమర్పణ చేశాడు. జనం లేచిపోయారు. ఆ మనిషి లేవలేదు. జంపఖానాలు చుట్టే వేళకు లేచి, నేరుగా వేదిక దగ్గరికి వచ్చాడు. యూనుస్ అడ్డం నిలబడ్డాడు.

"ఏమన్నా ఉంటే రేపు మాట్లాడుకుందామప్పా."

వాడు యూనుస్‌ను పక్కకు జరిపాడు. షరీఫ్ చేతులు జోడించాడు.

"నేను పెద్దాయన పేరు ఎత్తలేదన్నా. నువ్వే ఇన్నావు గదా. పోయి అదే మాట చెప్పు."

ఆ మనిషి తల మీది గొంగడి తీశాడు. దగ్గర నుంచి చూస్తే చిన్న వయసువాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. షరీఫ్ మొహం వంక చాలాసేపు చూశాడు.

"మా నాయన తాగేటోడు కాదన్నా."