కాలికి కట్టిన పేలిక

నిన్న ఉదయం నా భార్య ఉమాశ్రీ పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్లింది. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ పక్కన కొత్త టవర్ కడుతున్నారు. వెనక్కి వస్తున్న కాంక్రీటు లారీ కిందికి ఓ కూలీ పిల్ల పరుగెత్తింది. ఉమ పిల్లను అవతలికి తోసి, తాను చక్రం కింద పడి చనిపోయింది.

మా అపార్ట్‌మెంట్ వాళ్లు పిల్ల తల్లి మాసమ్మను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఎవరో హెల్మెట్‌తో కొడితే నుదురు చిట్లింది.

"కంటే సరిపోతుందా? పిల్లను గాలికొదిలేస్తావా?"

"ఒదల్లే సారూ. ఊర్ల చూసెటోళ్లు లేరు. చంకనేసుకుంటే మేస్త్రి పనిలకు రానియ్యడు. గందుకే చీర పేలికతోటి కాలు గుంజకు కట్టేసిన. ముడి గట్టిగనే ఏసిన."

"కట్టేస్తే లారీ కిందికెలా వచ్చిందే?" అంటూ మళ్లీ కొట్టారు.

పోలీసులూ నమ్మలేదు. ఆమె మీద కేసు పెట్టారు. పిల్లను హోంకు పంపుతారట.

ఈ సాయంత్రం ఆసుపత్రి వాళ్లు ఉమ గాజులతో పాటు, ఆమె పిడికిట్లో దొరికిన చీర పేలిక కూడా ఇచ్చారు. అది ఎక్కడా తెగలేదు.

"పసిదాన్ని దూడలా కట్టేశారేంటండీ, చూడలేకపోతున్నాను" అని ఉమ బాల్కనీలోంచి చూస్తూ రోజూ అనేది.

రేపు పొద్దున్నే ఆ పేలిక పట్టుకుని స్టేషన్‌కు వెళ్తాను. ముడి విప్పింది నా భార్యేనని చెబుతాను.