రెండువందలో ఫారం

ఈరణ్ణా, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

మా బైండింగు కొట్టుకొచ్చిన మహాదేవి థీసిస్‌తోనే సరిపోయింది. ధార్వాడలో గేదెలు మేపేవాళ్లను రెండువందల మందిని కలిసి, వాళ్ల కష్టాలు ఫారాల్లో రాసుకురావాలట. "ఒకటి తక్కువైందణ్ణా, మా గైడు ఊరుకోడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. జాలేసి ఆ ఒక్కటీ నేనే నింపాను. చచ్చిన గేదె కోసం మూడు రోజులు అన్నం మానేసినట్టు రాశాను.

నిన్న పరీక్షకొచ్చిన ప్రొఫెసరు మిగతావన్నీ గబగబా తిప్పేసి, దాని దగ్గరే ఆగిపోయాడట. "ఇదొక్కటే నిజంగా మాట్లాడి రాసినట్టుందమ్మా. ఇతణ్ణి చూశాకే సంతకం పెడతా" అన్నాడట.

ఆ ఫారం మీద నీ పేరు పెట్టాను. గాజుల కొట్టు ఒక్కరోజు మూసెయ్. పాలు పితకడం నేర్చుకో. చచ్చిన గేదె పేరు గంగి.

ఎప్పుడు కలుద్దాం?