తెల్ల మెడపట్టీ

"ఆ తెల్ల పట్టీ పెట్టుకున్నాక నీ సవతి మెడ రాణిగారి మెడలా ఉందే, కొనాదూ!" అంది టమాటాలమ్మే అంపోఫోవా.

టెచిమాన్ ఊరి సంతలో కొనాదు పిండి ఉండలు వేయిస్తోంది. పొద్దుటినుంచీ చేతిలోంచి ఊరికే జారిపోతోందని గరిటె అవతల పారేసి, కాగే నూనెలోంచి ఉండల్ని కుడిచేతి వేళ్లతోనే తీస్తోంది.

"కాలదుటే?"

"నూనే ఈ చేతికి భయపడుతుంది. రాణి అంట, రాణి! యామ్ దుంపల బుట్ట మోసిన మెడ అది."

అంతలో మొగుడు ఒపొకు మూతపెట్టిన గిన్నెతో అటుగా వచ్చాడు. చేపతల పులుసు వాసన. వేరే ఇళ్లలో ఉండే పెళ్లాలు వండి మొగుడింటికి గిన్నె పంపడమే ఆ ఊరి పద్ధతి. మొగుడే గిన్నె మోయడం ఎవరూ ఎరగరు.

"ఎవరికయ్యా?" అంది కొనాదు.

"పోకువాకి. ఆపరేషనయ్యాక మింగుడు పడట్లేదు పాపం."

"నాకు జ్వరమొస్తే గంజినీళ్లయినా తెచ్చావా?"

"నీకేమే, రాతి మనిషివి," అని వెళ్లిపోయాడు.

మర్నాడు కొనాదు సవతి పోకువా గుమ్మంలో కూర్చుంది.

"అసలెలా మొదలైంది చెల్లీ?"

పోకువా మెడ తిప్పలేక ఒళ్లంతా ఇటు తిప్పింది. "చెయ్యి మొద్దుబారిందక్కా. మెడలో ఎముక నరాన్ని నొక్కుతోందన్నారు. రేకూ మరలూ వేసి రెండెముకల్నీ ఒకటి చేశారు. ఇదివరకు లారీ మీంచి పడ్డవాళ్లకే చేసేవారట. ఇప్పుడు వయసుకి అరిగినా, బరువుకి అరిగినా చేస్తున్నారు. ఆస్పత్రి గేటు ముందు మెడపట్టీల కొట్లు వరసగా వెలిశాయి."

"ఓహో," అంది కొనాదు.

దారంతా ఆలోచించింది. ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఎవరూ చూడని చెయ్యి చచ్చుబడిందంటే కాదనే సాక్షి ఉండడు. తెల్ల పట్టీ తనకీ వస్తుంది. గిన్నె తన గుమ్మానికీ వస్తుంది.

ఆస్పత్రిలో డాక్టరు ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టించాడు.

"ఏ చెయ్యమ్మా?"

"ఎడమదండి. కుడిది వజ్రం."

"కళ్లు మూసుకో. సూది గుచ్చినప్పుడల్లా చెప్పు."

ఎడమ చేతిలో చురుక్కుమంది. కొనాదు పెదవి కదపలేదు. మళ్లీ చురుక్కుమంది. చేపతల పులుసు తలుచుకుని పళ్లు బిగబట్టింది.

"సరే, ఇప్పుడు కుడిచెయ్యి," అన్నాడు డాక్టరు.

అబద్ధం అతికినందుకు లోలోపల మురిసిపోయింది. ఇటు మాత్రం మొదటి పోటుకే గట్టిగా అరవాలి, నమ్ముతాడు. నోరు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. పంకా తిరుగుతోంది.

"ఏం నాయనా, నిద్దరపోయావా? కానీ, గుచ్చు!" అంది నవ్వుతూ.

ఆమె కుడిచేతి వేళ్లమీద అప్పటికే రక్తపు చుక్కలు నిలిచాయి.