అచ్చిరాని పాదం

ఆ ఊళ్లో ఇప్పుడు ప్రతి ఇంటికీ పాదం చదివే గడపే. ఎవరు అడుగుపెడితే ఇంట్లో డబ్బు నిలుస్తుందో, ఎవరు వస్తే జారిపోతుందో ఇంటి ఖాతా చూసి అదే లెక్కగట్టి, అచ్చిరాని వాళ్లకు తలుపు తీయదు.

వరహాలమ్మ దాన్ని కోడలి కోసమే పెట్టించింది. ఇందుమతి కాపురానికొచ్చిన నెలలోనే మొగుడి ఉద్యోగం పోయింది. ఆనాటి నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన రావడమే ఆమె వంతు. శుక్రవారం ఆ గడపకు పసుపు రాయాల్సింది మాత్రం ఆమే, లోపలి వైపు నుంచి.

కోడలి దోషం పోవాలని వరహాలమ్మ వారంవారం ఊరూరా తిరిగి శాంతులు చేయించేది. ఆవిడ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఖాతాలో డబ్బు తరిగి ఉండేది. గడప అదీ చదివింది.

ఈ శుక్రవారం ఆవిడ అడుగుపెట్టగానే గడప ఎర్రగా వెలిగింది. తలుపు కదల్లేదు.

"ఏమే, ఈ పాడుది మొరాయించింది. లోపల గడియ తియ్యి."

లోపల గడపకు పసుపు రాస్తున్న ఇందుమతి చెయ్యి గడియ దాకా వెళ్లి ఆగింది.

"అది అబద్ధం చెప్పదని మీరే అన్నారు కదా అత్తయ్యా. పెరటి వైపు రండి. చెప్పులు చేత్తో పట్టుకోండి."

గిన్నెలో మిగిలిన పసుపంతా తీసి గడపకు నిండుగా రాసింది.